1.6 ఇంజిన్‌కి టర్బైన్ హౌసింగ్: 0.64కి మారాలా, 0.86తోనే సర్దుకోవాలా?

ఎర్ర హ్యాచ్:
నాలుగు నెలలుగా నాకూ నా కారుకీ ఒకటే పేచీ. 1.6 లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోల్, 16 వాల్వులు, లోపల ఫోర్జ్‌డ్ పిస్టన్లు, రాడ్లు, కంప్రెషన్ 9:1. టర్బో గారెట్ జీటీ2860ఆర్‌ఎస్, టర్బైన్ హౌసింగ్ (పొగతో తిరిగే చక్రం చుట్టూ ఉండే ఇనుప గుల్ల) ఏ/ఆర్ 0.86. కొనేటప్పుడు "పెద్దదే తీసుకో, రేపు బూస్ట్ పెంచుకున్నా పనికొస్తుంది" అన్నారు, నేనూ తలూపాను. ఇప్పుడు నాలుగో గేర్‌లో ఫుల్ థ్రాటిల్ ఇస్తే 1 బార్ బూస్ట్ (టర్బో తోసే అదనపు గాలి ఒత్తిడి) వచ్చేది 4600 ఆర్‌పీఎం దగ్గర. లిమిటర్ 7000. నాకు మిగిలేది 2400. దానికింద బండి టర్బో లేని 1.6 కన్నా నీరసంగా ఉంటుంది, పక్కన కూర్చున్నవాళ్లు "టర్బో పెట్టించానన్నావు కదా, అది ఏదీ?" అని అడుగుతున్నారు. 0.64 హౌసింగ్ వేస్తే సరిపోతుందా, టర్బోనే మార్చాలా? రోజూ నడిపే కారే, నెలకోసారి ట్రాక్.

మూడో గేరు:
0.64 వేసెయ్. దీనికి ఇంత పెద్ద పోస్టు ఎందుకు?

బూస్ట్ బాబాయ్:
మూడో గేరు, నువ్వు ఎవరు ఏమడిగినా చిన్నది వేసెయ్ అంటావు, పోయినసారి ఇంకొకాయనకి కూడా అదే చెప్పావు, ఆయన ఇప్పుడు 5500 దాటితే ఇంజిన్ గొంతు పట్టేసినట్టుందని ఏడుస్తున్నాడు.
హ్యాచ్, టర్బో మార్చే మాట ఇప్పుడే వద్దు. కంప్రెసర్ (గాలి తోసే వైపు) నీ ఇంజిన్‌కి మరీ పెద్దదేం కాదు. హౌసింగ్ సంగతి తేల్చే ముందు నాకు మూడు విషయాలు కావాలి. డౌన్‌పైప్ (టర్బో నుంచి పొగ బయటికి పోయే గొట్టం) ఎంత లావు? వేస్ట్‌గేట్ (ఎక్కువైన పొగని చక్రం పక్క నుంచి పంపే మూత) లోపలిదా బయటిదా? మానిఫోల్డ్ (సిలిండర్ల పొగని టర్బోకి చేర్చే గొట్టాలు) కొన్నదా, వెల్డింగ్ చేయించిందా?

ఎర్ర హ్యాచ్:
డౌన్‌పైప్ మూడంగుళాలు, వెనక్కి వెళ్లాక రెండున్నర. వేస్ట్‌గేట్ లోపలిదే, దాన్ని తెరిచే యాక్చుయేటర్ స్ప్రింగ్ 0.5 బార్, మిగతాది సోలనాయిడ్‌తో పెంచుతున్నాం. మానిఫోల్డ్ వెల్డింగ్ చేయించింది, టీ25 ఫ్లాంజ్ (టర్బో బిగించే ముఖం సైజు).

సందేహాల సుబ్బు:
మధ్యలో దూరుతున్నా. ఈ ఏ/ఆర్ అనేది అందరూ అంటారు, ఎవరూ చెప్పరు. ఏంటది? హౌసింగ్ సైజా?

లెక్కల మాస్టారు:
సైజు అనుకోవడంతోనే తికమక మొదలవుతుంది సుబ్బూ. హౌసింగ్‌ని నత్తగుల్ల అనుకో. నోటి దగ్గర వెడల్పుగా మొదలై, చుట్టూ తిరుగుతూ సన్నబడుతుంది. ఎక్కడో ఒకచోట దాన్ని అడ్డంగా కోస్తే ఒక రంధ్రం కనిపిస్తుంది, దాని వైశాల్యం 'ఏ'. ఆ రంధ్రం నడిబొడ్డు నుంచి షాఫ్ట్ మధ్యకి ఉన్న దూరం 'ఆర్'. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేదే ఏ/ఆర్. గుల్ల సన్నబడేకొద్దీ రెండూ కలిసి తగ్గుతాయి కాబట్టి ఎక్కడ కోసినా ఒకే అంకె వస్తుంది, దాన్నే హౌసింగ్ మీద పోత పోస్తారు.
అంకె చిన్నదైతే దారి ఇరుకు, పొగ వేగంగా వెళ్లి చక్రం అంచుని పక్క నుంచి తోస్తుంది. తక్కువ పొగతోనే తిరగడం మొదలవుతుంది. అంకె పెద్దదైతే పొగ కాస్త తీరుబడిగా, మధ్యలోకి వాలి వస్తుంది. కింద బద్ధకం, పైన ఊపిరాడుతుంది.
ఇంకో మాట. ఇది అంగుళాల లెక్క. మిత్సుబిషి టర్బోల మీద ఏ/ఆర్ ఉండదు, వాళ్లు వైశాల్యం ఒక్కటే చదరపు సెంటీమీటర్లలో చెప్తారు. టీడీ05 మీద 7 అనో 8 అనో కనిపిస్తే అది ఆ లెక్క. దాన్ని 0.64తో పోల్చే పట్టికలు నెట్‌లో తిరుగుతుంటాయి, నమ్మకు, 'ఆర్' తెలియకుండా మార్చలేం.

పాత డీజిల్:
హోల్సెట్ వాళ్లదీ చదరపు సెంటీమీటర్ల లెక్కే. నా 5.9 లీటర్ల ఆరు సిలిండర్ల డీజిల్‌కి హెచ్‌ఎక్స్35 ఉంది, హౌసింగ్ మీద 12 అని ఉంటుంది. ఒకసారి 16 వేసి చూశా. బరువు లాగేటప్పుడు కింద నల్లపొగ తెరలు తెరలుగా, ఈజీటీ (పొగ వేడి) ముల్లు మాత్రం ఆగకుండా పైకి. గాలి రావడానికి ముందే డీజిల్ వచ్చేస్తుంది మరి. వారం తిరక్కుండా 12కే వచ్చేశా.

మూడో గేరు:
చూశారా, చిన్నదే గెలిచింది.

పాత డీజిల్:
నాది 2800కి అయిపోతుంది నాయనా. ఆయనది 7000 తిరుగుతుంది.

సందేహాల సుబ్బు:
మాస్టారు గారూ, అర్థమైంది. అయితే నా దగ్గరున్న టర్బో మీద 0.60 అని ఉంది, అంటే 0.64 కన్నా చిన్నది, ఇంకా మంచిదేనా?

గేజ్ గురువు:
ఆ 0.60 ఏ వైపు ఉంది? అల్యూమినియం గుల్ల మీదా, ఇనుప గుల్ల మీదా?

సందేహాల సుబ్బు:
తెల్లగా మెరిసేదాని మీద.

గేజ్ గురువు:
అది కంప్రెసర్ వైపు. జీటీ2860ఆర్‌ఎస్‌కి కూడా ఆ వైపు 0.60యే. అక్కడి ఏ/ఆర్ మారినా నడిపేవాడికి తెలిసే తేడా పెద్దగా ఉండదు. మనం కొట్టుకుంటున్నదంతా తుప్పు రంగులో ఉండే ఇనుప గుల్ల గురించి. సిగ్గుపడకు, నేను మొదటి టర్బో కొన్నప్పుడు ఇదే పొరపాటు చేశాను, అమ్మినవాడికీ తెలియదు, ఇద్దరం చెయ్యి కలుపుకుని సంతోషంగా విడిపోయాం.

వెల్డింగ్ వెంకట్:
ఇదే టాపిక్‌లో ఇంకో పొరపాటు కూడా చెప్తా. ఏ/ఆర్ అంకెని వేర్వేరు టర్బోల మధ్య పోల్చొద్దు. జీటీ28 మీద 0.64, జీటీ30 మీద 0.63, చూస్తే కవలల్లా ఉంటాయి. లోపల తిరిగే చక్రం వేరు, జీటీ30ది పెద్దది, చాలా ఎక్కువ పొగ మింగుతుంది. నా స్నేహితుడు ఒకడు "అంకె ఒకటే కదా" అని 1.6కి జీటీ3076 పెట్టుకున్నాడు, బూస్ట్ వచ్చేసరికి గేర్ మార్చే టైమ్ వచ్చేది.

లెక్కల మాస్టారు:
హ్యాచ్ ఇంజిన్ లెక్క ఒకసారి వేద్దాం, ఊరికే 'నాకైతే ఇలా అనిపించింది' అనుకోవడం ఎందుకు. 1.6 లీటర్లు, 7000 ఆర్‌పీఎం, నాలుగు స్ట్రోకులు కాబట్టి రెండు తిరుగుళ్లకి ఒకసారి గాలి. సిలిండర్ 90 శాతం నిండుతుందనుకుంటే నిమిషానికి 5040 లీటర్లు. సముద్రమట్టం దగ్గర, 25 డిగ్రీల వేడిలో ఇది దాదాపు 5.95 కిలోలు. 1 బార్ బూస్ట్ అంటే ఒత్తిడి రెట్టింపు, ఇంటర్‌కూలర్ దాటాక గాలి 45 డిగ్రీలనుకుంటే దాదాపు 11.1 కిలోలు, అంటే నిమిషానికి 24.5 పౌండ్లు. పౌండుకి పది హార్స్‌పవర్ అనే నాటు లెక్కన క్రాంక్ దగ్గర 245.
ఈ గాలికి పెట్రోల్ ఒక 8 శాతం కలిపితే టర్బైన్ వైపు వెళ్లేది 26.5 పౌండ్లు. ఇందులో కొంత వేస్ట్‌గేట్ గుండా పక్కకి పోతుంది. మిగిలింది చక్రం గుండా పోవాలి. దీన్ని టర్బైన్ మ్యాప్ (హౌసింగ్ గుండా ఎంత పొగ పోగలదో చూపే పటం) మీద పెట్టాలంటే వేడికీ ఒత్తిడికీ సవరించాలి. చాలామంది పొగ బరువుని నేరుగా మ్యాప్ మీద పెట్టి "అయ్యో, చాలదు" అని పెద్ద హౌసింగ్ కొనేస్తారు. వేడి పెరిగితే సవరించిన అంకె పెరుగుతుంది, హౌసింగ్ ముందు ఒత్తిడి పెరిగితే తగ్గుతుంది. సవరణ చేయకపోతే ఆ మ్యాప్ గోడకి తగిలించుకునే బొమ్మే.

మూడో గేరు:
మాస్టారూ, మీ పోస్టు చదివేలోపు నా టర్బో రెండుసార్లు స్పూల్ అయి (వేగం అందుకుని) చల్లారింది.

బూస్ట్ బాబాయ్:
నవ్వుకున్నా మాస్టారు చెప్పిందే అసలు విషయం. హౌసింగ్ ముందు ఒత్తిడి. అది తెలియకుండా హౌసింగ్ ఎంచడం చీకట్లో బాణం వేయడం. హ్యాచ్, మానిఫోల్డ్ మీద ఈజీటీ ప్రోబ్ కోసం బాస్ (మరలున్న రంధ్రం) ఏమైనా ఉందా? ఉంటే అక్కడి నుంచి సన్నటి స్టీల్ పైపు తీసి, ఒక మీటరు పొడవు చుట్టలా చుట్టి, చివర ప్రెషర్ సెన్సర్ పెట్టు. నేరుగా సెన్సర్ పెడితే నిమిషంలో మాడిపోతుంది. చుట్టలో పొగ చల్లారి అక్కడే నిలుస్తుంది, ఒత్తిడి మాత్రం అటు చేరుతుంది. బూస్ట్ 1 బార్ ఉన్నప్పుడు అటువైపు 1 నుంచి 1.5 దాకా ఉంటే సంతోషం. 2 దాటితే పైన నీ ఇంజిన్ గొంతు నొక్కుతున్నట్టే.

ట్రాక్ పిచ్చోడు:
పైన 2 అన్నారు. నాది 2.3 వచ్చింది ఒకప్పుడు, 2 లీటర్ల ఇంజిన్, చిన్న హౌసింగ్. ఏమవుతుందో నేను చెప్తా, పుస్తకంలో ఉండదు ఇది. కింద గమ్మత్తుగా ఉంటుంది, 2800కే తోసేస్తుంది, పెట్టించుకున్న వారం రోజులు నేనే రాజుని. మొదటి ట్రాక్ రోజు నాలుగో ల్యాప్ నుంచి ఇంజిన్ నాక్ అవడం (పెట్రోల్ తనకు తానే పేలి టకటకలాడటం) మొదలైంది. ఇన్‌టేక్ గాలి చల్లగానే ఉంది, పెట్రోల్ మంచిదే, ఇగ్నిషన్ అప్పటికే తగ్గించి ఉంది. రెండు వారాలు కొట్టుకున్నాం. కారణం ఏంటంటే, ఎగ్జాస్ట్ వాల్వు మూసుకునేలోపు ఇన్‌టేక్ వాల్వు తెరుచుకుంటుంది కదా, ఆ కాసేపు రెండూ తెరిచి ఉంటాయి. మానిఫోల్డ్‌లో ఒత్తిడి ఇన్‌టేక్ కన్నా బాగా ఎక్కువైతే కాలిన పొగ తిరిగి సిలిండర్‌లోకే వస్తుంది. తర్వాత వచ్చే కొత్త గాలిలో ఆ వేడి పొగ కలుస్తుంది. గాలి తక్కువ, వేడి ఎక్కువ, నాక్ అవక ఏమవుతుంది? దానికి ఇగ్నిషన్ ఇంకా వెనక్కి తీస్తే ఈజీటీ ఇంకా పెరుగుతుంది. బూస్ట్ పెంచితే పవర్ పెరగదు, వేడి పెరుగుతుంది. గేజ్ మీద 1.2 చూసి మురిసిపోయేవాణ్ణి, పెద్ద హౌసింగ్ వేశాక 0.9 బార్‌తోనే అంతకన్నా ఎక్కువ పవర్ వచ్చింది.

మూడో గేరు:
నీది 2 లీటర్లు, చిన్న టర్బో. ఇక్కడ 1.6, టర్బో దానికి సరిపడా ఉంది. 0.64 వేస్తే 2.3 రాదు. అనవసరంగా భయపెడుతున్నారు.

ట్రాక్ పిచ్చోడు:
రాదని నేనూ అంటున్నా. కొలిచి చూడమంటున్నా, అంతే.

పాత డీజిల్:
కొంచెం బ్యాక్‌ప్రెషర్ ఉంటేనే కింద టార్క్ వస్తుందంటారు కదా? హ్యాచ్ డౌన్‌పైప్ మూడంగుళాలు ఎక్కువైందేమో.

గేజ్ గురువు:
అది టర్బో లేని ఇంజిన్ల రోజుల నుంచి వస్తున్న మాట, అప్పుడు కూడా సరిగ్గా చెప్పింది కాదు. టర్బైన్ తిరిగేది దాని ముందు, వెనక ఒత్తిళ్ల తేడా మీద. వెనక ఎంత తక్కువుంటే అంత మంచిది. డౌన్‌పైప్ లావు చేస్తే స్పూల్ ముందుకొస్తుంది, వెనక్కి పోదు. ఆ రెండున్నర అంగుళాలది కూడా మూడుకి మార్చినా నష్టం లేదు, శబ్దం తప్ప.
హ్యాచ్, నాకు అనుమానం వేరేచోట ఉంది. వేస్ట్‌గేట్ యాక్చుయేటర్ స్ప్రింగ్ 0.5 అన్నావు. రాడ్‌కి ఎంత ప్రీలోడ్ (ముందు బిగింపు) ఇచ్చారు? వదులుగా ఉంటే మానిఫోల్డ్ ఒత్తిడికే మూత సందు ఇస్తుంది, 0.3 బార్ నుంచే పొగ పక్కదారి పడుతుంది. రాడ్ ఊడదీసి, మూత పూర్తిగా మూసి, పిన్‌లోకి ఎక్కించాలంటే రాడ్‌ని ఒక రెండు మూడు మిల్లీమీటర్లు లాగాల్సి రావాలి. ఊరికే జారిపోయి కూర్చుంటే ప్రీలోడ్ లేనట్టే.

ఎర్ర హ్యాచ్:
ఇప్పుడే చూసొచ్చా. లాగాల్సి వచ్చింది, రెండు మిల్లీమీటర్లుంటుంది. సో అది కాదు.

వెల్డింగ్ వెంకట్:
వెల్డింగ్ మానిఫోల్డ్ అన్నావు కదా, లీక్ చూశావా? చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయగానే టిక్ టిక్ అని వినిపించి, వేడెక్కాక పోతుందా?

ఎర్ర హ్యాచ్:
వినిపిస్తుంది... అది ఇంజెక్టర్ల చప్పుడని చెప్పారు.

వెల్డింగ్ వెంకట్:
ఎవరు చెప్పారో గానీ. ఒక పని చెయ్, ఇంజిన్ ఆపి, సైలెన్సర్ వెనక నుంచి వాక్యూమ్ క్లీనర్‌ని గాలి ఊదే వైపు పెట్టి గుడ్డతో బిగించు. మానిఫోల్డ్ అంతా సబ్బునీళ్లు చల్లు. ఎక్కడ బుడగలొస్తే అక్కడ నీ బూస్ట్ పోతోంది. పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు, టార్చి, సబ్బునీళ్లు చాలు.
చక్రం ముందు లీక్ ఉంటే ఏ/ఆర్ 0.86 కాదు, 0.48 పెట్టినా ఉపయోగం లేదు. పైగా లీక్ దగ్గర పొగ బయటికి పోవడమే కాదు, తక్కువ లోడ్‌లో ఒక్కో పల్స్ మధ్య బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. వైడ్‌బ్యాండ్ (పొగలో ఆక్సిజన్ కొలిచే సెన్సర్) దాన్ని చూసి లీన్ (పెట్రోల్ తక్కువ) అంటుంది, ట్యూనర్ పెట్రోల్ పెంచుతాడు. అప్పుడు నిజంగానే రిచ్ అవుతుంది, ఇంకా నీరసం.

ఎర్ర హ్యాచ్:
కింద లీన్ చూపిస్తోందని పెట్రోల్ పెంచామని మా ట్యూనర్ అన్న మాట ఇప్పుడు గుర్తొస్తోంది. ఆదివారం చూస్తా.

సందేహాల సుబ్బు:
ఈలోపు నాదొకటి. ట్విన్ స్క్రోల్ హౌసింగ్ (పొగకి రెండు వేరు దారులున్నది) వేస్తే కింద పైన రెండూ వస్తాయంటారు కదా, అదే వేసేస్తే ఈ గొడవ ఉండదుగా?

లెక్కల మాస్టారు:
హౌసింగ్ ఒక్కటే ట్విన్ స్క్రోల్ అయితే చాలదు, మానిఫోల్డ్ కూడా రెండు గొట్టాలుగా రావాలి. 1-3-4-2 ఫైరింగ్ ఆర్డర్ ఉన్న ఇంజిన్‌లో 1, 4 ఒక గొట్టంలోకి, 2, 3 ఇంకోదాంట్లోకి. అప్పుడు ఒక సిలిండర్ పొగ వదిలేటప్పుడు పక్క సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు మీద కొట్టదు. నాలుగూ ఒకేచోట కలిసే మానిఫోల్డ్‌కి ట్విన్ స్క్రోల్ హౌసింగ్ పెడితే మధ్య గోడ దారికి అడ్డం తప్ప ఇంకేం కాదు. వేస్ట్‌గేట్ కూడా రెండు వైపుల నుంచీ తీయాలి.

బూస్ట్ బాబాయ్:
జేబులో సూది పోతే సముద్రంలో వెతికినట్టు అవుతుంది ఇప్పుడు ట్విన్ స్క్రోల్ ఎత్తితే. హ్యాచ్ ఇంజిన్‌కి టీ25లో దొరికేవే చూద్దాం.
ఇంకొకటి, స్పూల్ అంటూ అందరం ఒకే మాట వాడుతున్నాం, రెండు వేర్వేరు సంగతులున్నాయి. 2500లో ఎంతసేపు తొక్కి పట్టుకున్నా బూస్ట్ రాదు, అది థ్రెషోల్డ్. 4500లో ఉండి థ్రాటిల్ వదిలి మళ్లీ తొక్కితే వచ్చే ఆలస్యం, అది ల్యాగ్. హౌసింగ్ మొదటిదాన్ని బాగా కదుపుతుంది, రెండోదాన్ని కొంతే. ల్యాగ్‌కి చక్రం బరువు, పైపుల పొడవు, బేరింగ్ కూడా లెక్కలోకొస్తాయి. హ్యాచ్ బాధ థ్రెషోల్డ్.

మూడో గేరు:
ఇంతా చెప్పి చివరికి 0.64 అనే అంటారు చూడండి.

గేజ్ గురువు:
ఇంకో మాట, కొలిస్తే ఎప్పుడూ ఒకే గేర్‌లో కొలవండి. రెండో గేర్‌లో రివ్స్ పరుగెత్తుతాయి, టర్బోకి తిరగడానికి టైమ్ ఉండదు, బూస్ట్ ఆలస్యంగా వచ్చినట్టు కనిపిస్తుంది. ఐదో గేర్‌లో అదే టర్బో మంచిగా కనిపిస్తుంది. ఒకళ్లు మూడో గేర్ లాగ్, ఇంకొకళ్లు ఐదో గేర్ లాగ్ పెట్టి గంటలు గంటలు వాదించుకోవడం ఈ టాపిక్‌లోనే పదిసార్లు చూశా.

ఎర్ర హ్యాచ్:
ఆదివారం అయింది. వెంకట్ అన్నా, నీకు దండం. మానిఫోల్డ్‌కీ హౌసింగ్‌కీ మధ్య గ్యాస్కెట్ పక్కన, కింద వైపు, కళ్లకి కనిపించని చోట బుడగలు నురగలా వచ్చాయి. విప్పితే గ్యాస్కెట్ ఒక మూల మసిబారి నల్లగా నాలుగు వేళ్ల వెడల్పున చార, ఫ్లాంజ్ వెల్డింగ్ వేడికి వంగి ఉంది, స్కేలు పెడితే వెనక నుంచి వెలుగు కనిపిస్తోంది. ఒక స్టడ్ అయితే చేత్తో తిరిగింది. ఫ్లాంజ్ చదును చేయించి, కొత్త స్టడ్లు, కొత్త గ్యాస్కెట్ వేశాను.
పెట్రోల్ మ్యాప్ సరిచేశాక నాలుగో గేర్‌లో అదే రోడ్డు, 1 బార్ 4250కి. 350 ఆర్‌పీఎం ఊరికే వచ్చింది. చల్లటి స్టార్ట్‌లో టిక్ టిక్ కూడా పోయింది, ఇంజెక్టర్లు పాపం ఏం చేశాయి.

వెల్డింగ్ వెంకట్:
స్టడ్‌కి నికెల్ యాంటీసీజ్ రాశావా? రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక, చల్లారాక ఒకసారి మళ్లీ బిగించు. వేడి చూసిన తర్వాతే గ్యాస్కెట్ సర్దుకుంటుంది.

ఎర్ర హ్యాచ్:
రాశా. ఆ ఒత్తిడి కొలిచే చుట్ట కూడా పెట్టా, బాబాయ్ చెప్పినట్టే. 0.86తో, 1 బార్ బూస్ట్, 6500 దగ్గర మానిఫోల్డ్ 1.25 బార్. ఇంకా 4250 నాకు ఎక్కువగానే అనిపిస్తోంది. స్నేహితుడి దగ్గర 0.64 హౌసింగ్ ఉంది, రెండు వారాలు వాడుకోమన్నాడు.

బూస్ట్ బాబాయ్:
1.25 అంటే పైన బోలెడు చోటుంది. ఇప్పుడు నేనే అంటున్నా, 0.64 వెయ్.

మూడో గేరు:
నేను రెండో పోస్టులో చెప్పా. రెండో పోస్టులో.

ట్రాక్ పిచ్చోడు:
చెప్పావు, లీక్ సంగతి మాత్రం చెప్పలేదు. అప్పుడే వేసుంటే 0.64తో 4250 చూసి "ఇదేనా" అని టర్బో అమ్మేసేవాడు.

గేజ్ గురువు:
మార్చేటప్పుడు జాగ్రత్త. బోల్టులు విప్పగానే హౌసింగ్ ఊడి రాదు, తుప్పుతో పట్టేసి ఉంటుంది. ముందురోజు రాత్రే నూనె పోసి వదిలెయ్. చెక్క సుత్తితో చుట్టూ తిప్పుతూ కొంచెం కొంచెం కొట్టాలి, ఒకే వైపు కొడితే హౌసింగ్ వంకరగా జారి చక్రం రెక్కల మొనలు వంగుతాయి. ఆ మొనకీ గోడకీ సందు గోరంత కూడా ఉండదు. కొత్తది బిగించాక చేత్తో చక్రం తిప్పి చూడు, ఎక్కడా రాసుకోకూడదు. యాక్చుయేటర్ రాడ్ మళ్లీ మొదటి నుంచీ సెట్ చేసుకోవాలి.

పాత డీజిల్:
బూస్ట్ క్రీప్ కూడా చూస్కో. చిన్న హౌసింగ్‌లో చక్రానికి పొగ బలంగా తగులుతుంది, వేస్ట్‌గేట్ రంధ్రం చిన్నదైతే పక్కకి పంపాల్సినదంతా పంపలేదు. 1 బార్ పెట్టావనుకుంటావు, 6500కి 1.3 చూపిస్తుంది. ముందు సోలనాయిడ్ ఊడదీసి స్ప్రింగ్ బూస్ట్ మీదే పైదాకా తిప్పి చూడు. 0.5 దగ్గరే నిలబడితే పైకి వెళ్లు.

లెక్కల మాస్టారు:
కింద 3000 చుట్టుపక్కల, పై గేర్‌లో సగం లోడ్‌తో ఎక్కుతుంటే ఇన్‌టేక్ నుంచి గరగర శబ్దం వస్తుందేమో వినండి. బూస్ట్ ముందే వచ్చి ఇంజిన్ ఆ గాలి తాగలేకపోతే కంప్రెసర్ సర్జ్ అవుతుంది, అంటే గాలి వెనక్కి తన్నుతుంది. జీటీ2860 చక్రానికి 1.6 మీద అది వచ్చే అవకాశం తక్కువే, కానీ విని చూడటానికి పోయేదేం లేదు.

ఎర్ర హ్యాచ్:
పది రోజులైంది, రాయడానికి ఇప్పటికి కుదిరింది. హౌసింగ్ ఊడదీయడానికే ఒక రోజు పోయింది, బోల్టుల్లో రెండింటి తలలు తెగాయి, గురువు చెప్పిన నూనె నేను గంట ముందు పోశాను, రాత్రంతా అన్నది సరిగ్గా చదవలేదు. చక్రానికి ఏం కాలేదు.
అదే రోడ్డు, అదే గేర్, అదే 1 బార్. 3700కి ఫుల్ బూస్ట్. 3000కే 0.4 ఉంటుంది, సిగ్నల్ దగ్గర బండి ఇప్పుడు కదులుతోంది. సర్జ్ లేదు. స్ప్రింగ్ మీద తిప్పితే 6800 దగ్గర 0.58, కొంచెం క్రీప్ ఉంది, అంతే. మానిఫోల్డ్ ఒత్తిడి 6500 దగ్గర 1.65 బార్. అదే డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద పెట్టాం, చక్రాల దగ్గర పీక్ 206 నుంచి 198కి తగ్గింది. 5800 దాటాక రెండు గీతలూ విడిపోతాయి, అప్పటిదాకా 0.64 గీతే పైన. ట్యూనర్ పైన ఇగ్నిషన్ ఒకటిన్నర డిగ్రీ వెనక్కి తీయాల్సి వచ్చింది.

ట్రాక్ పిచ్చోడు:
1.65, 1 బార్‌కి. ఇక్కడితో ఆగితే బాగుంది. 1.4 బార్ పెట్టాలనిపిస్తే మాత్రం మళ్లీ కొలువు, ఇదే నిష్పత్తి ఉండదు, ఇంకా పెరుగుతుంది.

బూస్ట్ బాబాయ్:
8 హార్స్‌పవర్ ఇచ్చి 550 ఆర్‌పీఎం కొన్నావు. నేనైతే సంతోషంగా ఇస్తా. ట్రాక్ మీద ఎలా ఉంది?

ఎర్ర హ్యాచ్:
ఇంకా వెళ్లలేదు. అక్కడ ఎప్పుడూ 5000 పైనే తిప్పుతా కాబట్టి 0.86 వేగంగా ఉంటుందని నాకే అనిపిస్తోంది. రెండు హౌసింగులూ పెట్టుకుని, ట్రాక్ ముందురోజు మార్చుకుంటే ఎలా ఉంటుంది?

వెల్డింగ్ వెంకట్:
రెండు బోల్టు తలలు తెగ్గొట్టుకున్నవాడివి నెలనెలా మారుస్తానంటున్నావు.

మూడో గేరు:
మూడంగుళాల వీ-బ్యాండ్ (పట్టీ బిగింపు) వేయించుకో అయితే, పది నిమిషాల పని.

వెల్డింగ్ వెంకట్:
వీ-బ్యాండ్ డౌన్‌పైప్ వైపు. హౌసింగ్‌కీ మధ్య భాగానికీ బోల్టులే. నీ పోస్టులు నువ్వే చదువుకో ఒకసారి.

ఎర్ర హ్యాచ్:
సరే, మార్చను. 0.64 నాకు నేనుగా ఒకటి చూసుకుని, స్నేహితుడిది తిరిగి ఇచ్చేస్తా. 0.86 పెట్టెలో ఉంటుంది.

సందేహాల సుబ్బు:
పెట్టెలోనే ఉంటే నాకివ్వు అన్నా, నా టర్బో టీ25యే.

గేజ్ గురువు:
సుబ్బూ, నీ టర్బో ఇంకా బల్ల మీదే ఉంది కదా? ఇంజిన్ ఎంత?

సందేహాల సుబ్బు:
1.2.

లెక్కల మాస్టారు:
వద్దు.